నాలుగో తరగతికే ‘బి’ సెక్షనా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా బాబు ప్రైవేటు బడిలో నాలుగో తరగతి చదువుతున్నాడు. ఈ ఏడాది మార్కులను బట్టి పిల్లలను విడదీసి, ‘ఎ’ సెక్షన్‌కు ఐఐటీ ఫౌండేషన్ మొదలుపెట్టారు. మావాడిని ‘బి’లో వేశారు. మావారు హైదరాబాద్ హాస్టల్లో చేర్పిద్దామంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: తొమ్మిదేళ్ల పిల్లవాడిని చూసి ఐఐటీ సీటు సంగతి ఎవరూ చెప్పలేరమ్మా. నేనూ చెప్పలేను.

స్థాయిని బట్టి కూర్చోబెట్టడమే తప్పని అనను. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో చదవడం, లెక్కల పునాది కోసం 2022లో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమంలోనూ ఆ ఆలోచనే ఉంది. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ స్వచ్ఛంద సంస్థ చాలా ఏళ్లుగా చేస్తున్నదీ అదే: అక్షరాలు గుర్తుపట్టేవాళ్లు ఒకచోట, పదాలు చదివేవాళ్లు మరోచోట, కథ చదవగలిగేవాళ్లు ఇంకోచోట. అయితే అది రోజులో గంటో రెండు గంటలో. చదవడం పట్టుబడగానే పిల్లవాడు పై గుంపులోకి వెళ్లిపోతాడు. మీ బడి మాత్రం మార్కులన్నీ కలిపి ఒక గీత గీసేసింది. లెక్కలొచ్చి ఇంగ్లీషు రానివాడు, ఇంగ్లీషొచ్చి లెక్కలు రానివాడు ఒకే బెంచీ మీదికి చేరారు. ఇక పాఠం ఎవరి కోసం చెప్పాలి? పైగా ఒకే తరగతిలో పిల్లల మధ్య దాదాపు ఏడాది తేడా ఉంటుంది. ఈ వయసులో అది చిన్న తేడా కాదు.

ఈ ఆదివారం వాడికి 302లోంచి 147 తీసేయమని ఇవ్వండి. 155 వస్తే సరే. 245 అని రాస్తే కోప్పడకండి. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నాడు, అంతే. సున్నా దగ్గర అప్పు తెచ్చుకోవడం ఇంకా రాలేదు. మూడు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు చేతికిచ్చి, అందులోంచి 147 రూపాయలు మీకు ఇమ్మనండి. నోటు మార్చకుండా ఇవ్వలేనని వాడే అంటాడు. పక్కన చిల్లర సిద్ధంగా పెట్టుకోండి.

ఆ తర్వాత అలాంటి లెక్కే ఇంగ్లీషు వాక్యాల్లో రాసివ్వండి, మళ్లీ తెలుగులో చెప్పండి. ‘మోర్’ అన్న మాట కనబడగానే కూడేసే పిల్లలను ఎంతమందిని చూశానో! తెలుగులో చెబితే చేసి, ఇంగ్లీషులో తప్పితే వాడికి లెక్కల ట్యూషన్ అనవసరం.

బడికి వెళ్లినప్పుడు సెక్షన్లు మళ్లీ ఎప్పుడు మారుస్తారో అడగండి. ‘బి’కి లెక్కలు చెప్పేది ఎవరో కూడా కనుక్కోండి. అనుభవమున్న టీచర్లందరినీ ‘ఎ’కే ఇచ్చి, వార్షిక పరీక్షల దాకా ఇంతే అంటే, అప్పుడు మీవారి మాటలో పస ఉంది. అయినా హైదరాబాద్ వద్దంటాను. ఆరో తరగతిలో నవోదయలో, అంటే కేంద్ర ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలో, చేర్చే ఆలోచన ఉంటే మరీను. మన నల్గొండ జిల్లా చలకుర్తిలోని నవోదయకు ప్రవేశ పరీక్ష రాయాలంటే ఐదో తరగతి ఈ జిల్లాలోనే చదవాలి. పరీక్ష 80 ప్రశ్నలు, 100 మార్కులు. సగం మార్కులు మేధాశక్తికి, లెక్కలకూ భాషకూ చెరి 25. తెలుగులో రాయవచ్చు. గ్రామీణ కోటాకు మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లె బడిలోనే చదివి ఉండాలి కాబట్టి, పట్టణంలో చదివే మీవాడికి అది వర్తించదు. పోటీ గట్టిగానే ఉంటుంది.

302 లెక్క ఏమైందో రాయండి. మిగతాది దాన్నిబట్టి మాట్లాడుకుందాం.