చక్రం పైన నల్ల ప్లాస్టిక్ గీసుకుపోతే

చిరంజీవి రవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. నీ కారు వెనక చక్రం మీది క్లాడింగ్‌కి, అంటే ఆ నల్ల ప్లాస్టిక్ పట్టీకి, జానెడు పొడుగున తెల్లటి గీత పడింది. దాని చుట్టూ ప్లాస్టిక్ ఎండకు వెలిసి బూడిదరంగుకి తిరిగింది. రెండిటికీ కలిపి ఒకే సీసా కొని రాసేద్దామనుకుంటున్నావు. అవి వేరువేరు జబ్బులు నాన్నా, దేని మందు దానికే.

ముందు బండిని నీడలో పెట్టు. మన బెజవాడ ఎండకి పొద్దున పదింటికే ఆ ప్లాస్టిక్ చెయ్యి పెట్టనివ్వదు. వేడి మీద ఏది రాసినా మరకలు కట్టి ఆరిపోతుంది. కార్ షాంపూ కలిపిన నీళ్లతో, పాత టూత్‌బ్రష్ పెట్టి, ఆ గరుకు సందుల్లోకి పోయేలా రుద్ది కడుగు. ఎప్పుడో బాడీకి పెట్టిన పాలిష్ ఆ సందుల్లో ఎండిపోయి తెల్లగా కనబడుతుంది. దాన్ని గీతలనుకుని కంగారుపడేవాళ్లు చాలామంది.

కడిగాక తడి ఆరకముందే గీతను చూడు. తడి మీద మాయమై, ఆరాక మళ్లీ తేలిందంటే పైపైన గీసుకుంది, భయం లేదు. తడిలో కూడా అలాగే కనబడితే గోటితో అడ్డంగా గీరి చూడు. గోరు లోపలికి దిగితే ప్లాస్టిక్ తెగింది. పైకి ఎత్తుగా తగిలితే ఎదుటి బండి రంగో, గోడ సున్నమో అంటుకుంది.

అంటుకున్నదైతే థిన్నర్ జోలికి పోకు. పక్కనున్న బాడీ పెయింట్ మీద పడితే అక్కడ ఇంకో పని మొదలవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని మైక్రోఫైబర్ బట్టకి కాస్త అద్ది, బరువు పెట్టకుండా తుడు. చాలా రంగు దానికే వస్తుంది. మొండికేస్తే తెల్ల మెలమైన్ స్పాంజి తడిపి రుద్దొచ్చు, కాని అదీ సన్నగా అరగదీసేదే. ముందు కనబడని మూల ఒకసారి రుద్ది చూసి మొదలుపెట్టు.

తడిపి అరగదీసే గరుకు కాగితం, అదే వాటర్ పేపర్ మాత్రం ముట్టుకోవద్దు. ఈ ఉత్తరం రాస్తున్నదే ఆ మాట చెప్పడానికి. పెయింట్ చేసిన బాడీని అరగదీసి మళ్లీ రంగు వేసి నునుపు తెచ్చుకోవచ్చు. ఈ క్లాడింగ్‌ది అలా కాదు. చెయ్యి రాస్తే తగిలే ఆ సన్నటి గరుకు ఫ్యాక్టరీలో అచ్చులోనే పడింది. ఒకసారి అరిగిందా, అక్కడ నున్నటి మచ్చ నిలిచిపోతుంది. ఎంత నల్లగా చేసినా వెలుతురు పడ్డప్పుడల్లా ఆ చోటు వేరుగా మెరుస్తుంది. గీత పోలేదని బాధపడ్డా పర్లేదు, గరుకు పోగొట్టుకోకు.

వేడిగాలి ఊదే హీట్ గన్ పెడితే నలుపు వస్తుందని వీడియోల్లో చూశానన్నావు. వస్తుంది, నిజమే. కాని ఈ ప్లాస్టిక్ ఎక్కువగా పాలీప్రొపైలిన్, 160 డిగ్రీలు దాటితే కరుగుతుంది. గన్‌లోంచి వచ్చే గాలి వేడి అంతకు రెండింతల పైనే ఉండొచ్చు. చెయ్యి ఒక్క చోట ఆగితే గరుకు కరిగి నున్నబడుతుంది. పైగా ఆ నలుపు నిలవదు, ఎండకి మళ్లీ వెలుస్తుంది. కాబట్టి నీకు వద్దంటాను.

ఇక వెలిసిన చోటు సంగతి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ పై పొరను చిట్లగొడతాయి, అందుకే పాలిపోయినట్టు కనబడుతుంది. సిలికాన్ డ్రెస్సింగ్ రాస్తే అప్పటికప్పుడు కొత్తదానిలా ఉంటుంది కాని రెండు వానలకే కడుక్కుపోతుంది, దుమ్ము కూడా పట్టేస్తుంది. కొబ్బరినూనె, కిరోసిన్ కూడా అంతే, రాయకు. ఆరి గట్టిపడే ట్రిమ్ కోటింగ్ చిన్న సీసా కొను. కాస్త ఖరీదైనా నెలల తరబడి ఉంటుంది. బాడీ అంచున మాస్కింగ్ టేప్ అంటించి, ఆల్కహాల్‌తో జిడ్డు తీసి, పూర్తిగా ఆరాక పల్చగా రాయి. మిగిలింది వెంటనే తుడిచెయ్యి, లేకపోతే చారలు పడతాయి. సీసా మీద ఎంతసేపని ఉంటే అంతసేపు నీళ్లు తగలనివ్వకు. పైపైన గీసుకున్న గీత కూడా దీనితోనే చాలావరకు కలిసిపోతుంది.

గోరు దిగేంత తెగితే పైకి లేచిన పోగుల్ని కొత్త బ్లేడుతో కోసి వదిలెయ్. పుట్టీ పెట్టి రంగు వేయిద్దామనుకోకు. పాలీప్రొపైలిన్ మీద ప్లాస్టిక్ ప్రైమర్ లేకుండా రంగు పట్టదు, ప్రెషర్ వాష్‌కి పొరలుగా లేస్తుంది. కంటికి మరీ అడ్డంగా ఉంటే ఆటోనగర్ వెళ్లి ఆ ముక్క మార్పించు. బండి మోడల్, తయారైన ఏడాది చెప్పి, కుడివైపుదో ఎడమవైపుదో సరిచూసి తీసుకో. ఊడదీసేటప్పుడు పాత క్లిప్పులు విరుగుతాయి, కొత్తవి నాలుగు ఎక్కువే కొనుక్కో.

మీ పెదనాన్న