పోస్ట్-పంక్ ఎక్కడ మొదలుపెట్టాలి? నా లెక్క ఇది

ప్రశ్న ఇది: "లింకిన్ పార్క్, కోల్డ్‌ప్లే దాకా విన్నాను. ఈ మధ్య జాయ్ డివిజన్ పాట ఒకటి ఎక్కడో చెవిన పడింది, వదలట్లేదు. ఇలాంటి డార్క్ పోస్ట్-పంక్, ఆల్టర్నేటివ్ రాక్ కొత్తగా వినేవాళ్ళు ఏ ఆల్బమ్‌లతో మొదలుపెడితే మంచిది?"

పోస్ట్-పంక్ అంటే డెబ్బైల చివర్లో పంక్ రాక్ నుంచి పుట్టిన, కాస్త చీకటిగా, ప్రయోగాలతో సాగే రాక్; జాయ్ డివిజన్ ఆ రోజుల నాటి ఇంగ్లండ్ బ్యాండ్. ముందు నేను చేసిన తప్పు చెప్తాను. 2010లో హాస్టల్లో మా రూమ్మేట్ అచ్చం ఇదే అడిగాడు. నేను అప్పటికి ఏడాదిగా ఇందులోనే మునిగి ఉన్నాను, పైగా నాకెంత తెలుసో చూపించుకోవాలన్న ఉబలాటం ఒకటి, దాంతో ద క్యూర్ బ్యాండ్ 1982లో తెచ్చిన 'పోర్నోగ్రఫీ' పెట్టేశాను. పేరు చూసి వాడు ఇంకేదో అనుకుని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు, పాపం. మొదటి పాట సగం కూడా కాకముందే హెడ్‌ఫోన్స్ తీసేసి, స్క్రీన్ మీద ఆ బ్యాండ్ గాయకుడు రాబర్ట్ స్మిత్ ఫొటో కాసేపు చూశాడు. రేగిపోయిన జుట్టు, పెదాలు దాటి పూసుకున్న లిప్‌స్టిక్. "వీడేంట్రా పగటివేషగాడిలా ఉన్నాడు" అని అటు తిరిగి పడుకున్నాడు. అంతే, మిగతా రెండేళ్ళు నేను ఏం పెట్టినా "మళ్ళీ పగటివేషగాడేనా" అనేవాడు.

ఆ ఆల్బమ్ నాకిప్పటికీ ప్రాణం. కానీ గొప్ప ఆల్బమ్ ఏది అన్నది ఒక ప్రశ్న, మొదట ఏది వినాలి అన్నది ఇంకో ప్రశ్న. నెట్‌లో దొరికే యాభై ఆల్బమ్‌ల లిస్టులన్నీ మొదటిదానికే జవాబు చెప్తాయి. అందుకే నేను కొన్ని పేర్లే చెప్తాను, వరస మాత్రం కాస్త పట్టించుకోండి.

మీరు లింకిన్ పార్క్ అన్నారు కాబట్టి మీ ఇంటి నుంచి దారి దగ్గరే. అందులో పాడిన చెస్టర్ బెన్నింగ్టన్ డెపెష్ మోడ్ అనే బ్యాండ్‌కి పెద్ద అభిమాని, ఆ సంగతి ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. డెపెష్ మోడ్ 1990 ఆల్బమ్ 'వయొలేటర్' ముందు వినండి. తొమ్మిదే పాటలు. కచ్చితంగా చెప్పాలంటే అది పోస్ట్-పంక్ కాదు, సింథసైజర్ల బ్యాండ్, ఈ ముక్కకే నాతో గొడవకొచ్చేవాళ్ళు ఉంటారు, రానివ్వండి. ట్యూన్లు మొదటిసారికే పట్టుకుంటాయి, చీకటి ఉంటుంది, అయినా కాలు తాళం వేస్తూనే ఉంటుంది. ఒక వారం దాంతో గడిపితే చెవి సిద్ధమైపోతుంది.

ఆ తర్వాత అసలు వీధిలోకి వెళ్ళేముందు ఒక చిన్న కిటుకు. ఈ పాటల్లో గొంతు వెంట పడకండి, బాస్ గిటార్ వెంట పడండి. మామూలు రాక్‌లో గిటార్ ట్యూన్ నడిపిస్తే బాస్ అడుగున గోడ మోస్తుంటుంది, ఇక్కడ చాలాసార్లు బాసే ట్యూన్, గిటార్ పక్కన గీతలు గీస్తుంటుంది. జాయ్ డివిజన్‌లో బాస్ వాయించిన పీటర్ హుక్ అంత పై స్వరాల్లో వాయించడానికి కారణం పెద్ద సిద్ధాంతమేం కాదు, పక్కన గిటార్ యాంప్లిఫయర్ హోరులో కింది స్వరాలు వాయిస్తే తనకే వినిపించేవి కావట! మనకిది కొత్త కూడా కాదు. ఎనభైల్లో ఇళయరాజా పాటలు వింటూ పెరిగిన ఇళ్ళలో చెవికి తెలియకుండానే ఈ అలవాటు ఉంటుంది, పల్లవి ఒక దారిన పోతుంటే కింద బాస్ తన సొంత ట్యూన్ పాడుకుంటూ పోతుంది కదా, అదే చెవి ఇక్కడా వాడుకోవాలి. నాకు ఈ సంగతి తట్టడానికి ఆరు నెలలు పట్టింది. తట్టాక మాత్రం అప్పటిదాకా ఒకేలా ఉన్నాయనిపించిన పాటలన్నీ విడివిడిగా వినిపించాయి.

ఇప్పుడు ద క్యూర్, కానీ 'పోర్నోగ్రఫీ' కాదు, 'డిసింటిగ్రేషన్', 1989. నన్నడిగితే కొత్తవాళ్ళకి ఇంతకంటే మంచి తలుపు లేదు. స్మిత్‌కి ముప్పై ఏళ్ళు నిండుతున్న రోజుల్లో వచ్చిన ఆల్బమ్, వయసైపోతోందన్న బెంగ మొత్తం పరుచుకుని ఉంటుంది. అయితే ఇందులో చీకటి చలి చీకటి కాదు, దుప్పటి కప్పుకున్న చీకటి. మొదటి పాటలో కాసేపు గాలికి ఊగే గంటల చప్పుడు తప్ప ఏమీ ఉండదు, సరిగ్గా రాలేదేమోనని వాల్యూమ్ పెంచుతారు, అంతలో సింథసైజర్లు, డ్రమ్స్ ఒక్కసారిగా వచ్చి మీద పడతాయి. నేను మొదటిసారి నిజంగానే ఉలిక్కిపడి ఇయర్‌ఫోన్ పీకేశాను. గొంతు రావడానికి ఇంకా రెండు నిమిషాల పైనే పడుతుంది. ఆ సంగీతం ఇంట్రో అనుకుని ముందుకి జరిపేశారంటే పాట సగం పోయినట్టే. గట్టిగా పెట్టుకుని వినమని ఆల్బమ్ మీద వాళ్ళే రాశారు, ఫోన్ స్పీకర్లో మాత్రం వినకండి. మొత్తం 72 నిమిషాలు, ఒకేసారి కుదరకపోతే రెండు రాత్రులు. నేను ఇంటికెళ్ళినప్పుడు ఒకసారి స్పీకర్లో పెడితే మా అమ్మ వంటింట్లోంచి "ఎవరో పోయినట్టు ఆ పాటలేంట్రా పొద్దున్నే" అంది. పొద్దున్నే పెట్టడం నాదే తప్పు.

అందులోనే స్మిత్ తన భార్యకి పెళ్ళి కానుకగా రాసిన చిన్న పాట కూడా ఉంది, అమెరికాలో రెండో స్థానం దాకా వెళ్ళింది. ఆల్బమ్ బరువెక్కినప్పుడు అది ఊపిరి తీసుకోనిస్తుంది.

ఇక జాయ్ డివిజన్. 'అన్‌నోన్ ప్లెషర్స్', 1979 జూన్. మీరు విన్న పాట అందరికీ తెలిసిన 'లవ్ విల్ టేర్ అజ్ అపార్ట్' అయితే అది ఇందులో దొరకదు, వాళ్ళ రెండో ఆల్బమ్‌లో కూడా దొరకదు. విడిగా సింగిల్‌గా వచ్చింది, 1988 నాటి 'సబ్‌స్టన్స్' అనే సంకలనంలో ఉంటుంది. నేను పాట కోసం రెండు ఆల్బమ్‌లూ డౌన్‌లోడ్ చేసి ఫైలు తెగిపోయిందేమో అనుకున్నాను.

ఈ ఆల్బమ్ నేను విన్న పరిస్థితి చెప్తే నవ్వుతారు. వేసవి, హాస్టల్లో కరెంట్ కోత, నా పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎంత ఛార్జ్ చేసినా ముప్పావు గంటే. ఆల్బమ్ 39 నిమిషాలు. ఫ్యాన్ లేదు, లైట్ లేదు, కిటికీలోంచి గాలి కూడా లేదు, చేయడానికి వేరే పని లేక మొదటి నుంచి చివరిదాకా కదలకుండా విన్నాను. అప్పుడు తెలిసింది, ఇందులో వాద్యాల కంటే వాటి మధ్య ఖాళీ ఎక్కువ వినిపిస్తుందని. పెద్ద ఖాళీ గోడౌన్లో ఎవరో ఒక మూల డ్రమ్ కొడుతుంటే ఇంకో మూల నుంచుని విన్నట్టు ఉంటుంది. ఆ పని ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్‌ది. ఒక డ్రమ్ శబ్దం ఇంకో దాంట్లో కలవకూడదని డ్రమ్మర్ చేత ఒక్కోటీ విడిగా వాయించి రికార్డ్ చేయించాడు, లిఫ్ట్ చప్పుడు, గాజు పగిలిన చప్పుడు కూడా తెచ్చి పెట్టాడు. తమాషా ఏంటంటే బ్యాండ్ వాళ్ళకి ఇది నచ్చలేదు. స్టేజి మీద మేం ఇంత హోరుగా వాయిస్తే రికార్డులో ఈ నీరసమేంటని హుక్, గిటారిస్ట్ బెర్నార్డ్ సమ్నర్ చాలాకాలం గునిశారు. నా ఓటు మాత్రం హానెట్‌కే.

కవర్ మీరు చూసే ఉంటారు, నల్ల టీషర్ట్ మీద తెల్ల గీతలు. మా బాబాయి కొడుకు కోఠీ ఫుట్‌పాత్ మీద రెండొందలకి కొనుక్కుని పెళ్ళికి వేసుకొచ్చాడు. ఏంట్రా అది అంటే "ఏవో కొండలన్నా" అన్నాడు. కొండలు కాదు, 1967లో కేంబ్రిడ్జ్‌లో జోసెలిన్ బెల్ కనిపెట్టిన మొదటి పల్సార్ (గిర్రున తిరుగుతూ లయగా రేడియో తరంగాలు పంపే నక్షత్రం) నుంచి వచ్చిన రేడియో తరంగాలు, ఒకదాని కింద ఒకటి పేర్చిన గ్రాఫ్. ఖగోళశాస్త్రం పుస్తకంలో తెల్ల కాగితం మీద నల్ల గీతలుగా ఉన్నదాన్ని డిజైనర్ పీటర్ సావిల్ తిరగేసి నలుపు మీద తెలుపు చేశాడు. ముందు అట్ట మీద బ్యాండ్ పేరు లేదు, ఆల్బమ్ పేరూ లేదు. అందుకే మావాడికి నలభై ఏళ్ళ తర్వాత కొండల్లా కనిపించాయి, వాడి తప్పేం లేదు.

పాటలు రాసి పాడిన ఇయాన్ కర్టిస్ అప్పట్లో చిన్న ఊళ్ళో ఉపాధి కార్యాలయం ఉద్యోగి, వికలాంగులకి పని వెతికిపెట్టే సీటు. మూర్ఛ ఉన్న ఒక అమ్మాయి పని కోసం ఆయన దగ్గరికి వస్తుండేది, కొన్నాళ్ళకి రావడం మానేసింది, ఉద్యోగం దొరికిందేమో అనుకున్నాడు. చనిపోయిందని తర్వాత తెలిసింది. 'షీజ్ లాస్ట్ కంట్రోల్' ఆమె గురించే. కర్టిస్‌కి కూడా అదే జబ్బు. 1980 మే 18న, అమెరికా టూర్‌కి బయల్దేరడానికి ముందు రోజు, 23 ఏళ్ళకి ప్రాణం తీసుకున్నాడు. దీన్ని గొప్ప ట్రాజెడీలా మురిసిపోతూ చెప్పేవాళ్ళంటే నాకు చిరాకు, జబ్బుతో, డిప్రెషన్‌తో నలిగిపోయిన కుర్రాడు, అంతే. రెండో ఆల్బమ్ 'క్లోజర్' ఆయన పోయాక జూలైలో వచ్చింది. అది ఇప్పుడే వద్దు, కొన్ని నెలలు ఆగండి. మీరే మనసు బాగోలేని రోజుల్లో ఉంటే అస్సలు ఒంటరిగా రాత్రిపూట పెట్టుకోకండి, నేను ఒకసారి సప్లీ రిజల్ట్స్ వచ్చిన రాత్రి ఆ పని చేసి తెల్లవారేదాకా పడుకోలేదు.

రికార్డింగ్ మరీ పాతగా అనిపిస్తే ఇంటర్‌పోల్ అనే న్యూయార్క్ బ్యాండ్ ఉంది, 2002లో వచ్చిన 'టర్న్ ఆన్ ద బ్రైట్ లైట్స్'. వచ్చినప్పుడు అందరూ జాయ్ డివిజన్‌కి కాపీ అన్నారు, రెండూ విన్నాక ఆ మాట అంత నిజం కాదని మీకే తెలుస్తుంది. ఆడగొంతు కావాలంటే సూక్సీ అండ్ ద బాన్‌షీస్ 'జుజు', 1981, అందులో జాన్ మెగాక్ గిటార్ కోసమైనా వినాలి. కోల్డ్‌ప్లే ఇష్టమన్నారు కదా, ఎకో అండ్ ద బన్నీమెన్ 'ఓషన్ రెయిన్' మీకు ఇట్టే నచ్చుతుంది.

సాహిత్యం అర్థం కావట్లేదన్న బెంగ ఉంటే బెలారస్ వాళ్ళు మోల్చాత్ దోమా వినండి, పాడేది రష్యన్‌లో, ఇంగ్లిష్ వచ్చినా రాకపోయినా అందరం సమానమే. పేరుకి అర్థం ఇళ్ళు మౌనంగా ఉన్నాయి అని. 2018 ఆల్బమ్ 'ఎతాజీ', అంటే అంతస్తులు. అందులో 'సుద్నో' పాట 2020లో టిక్‌టాక్‌లో ఊరూరా తిరిగింది, సరదా డాన్సులకి కూడా వాడేశారు. ఆ మాటలు 26 ఏళ్ళకే చనిపోయిన బోరిస్ రీజీ అనే కవివి, అనువాదం చదివాక ఆ డాన్సులు చూడలేం.

గిటార్ బరువుగా ఉండాలనుకుంటే సియాటిల్ వైపు ఆలిస్ ఇన్ చెయిన్స్ 'డర్ట్', 1992. ఇద్దరు గొంతులు కలిపి పాడే తీరు వేరే ఏ గ్రంజ్ (తొంభైల్లో సియాటిల్ నుంచి వచ్చిన బరువైన రాక్) బ్యాండ్‌లోనూ లేదు. చాలా పాటలు డ్రగ్స్ ఊబి గురించే, తేలిగ్గా తీసుకునే ఆల్బమ్ కాదు.

ఎక్కడైనా మొదటిసారి నచ్చకపోతే తిట్టుకోకుండా నెల తర్వాత మళ్ళీ పెట్టండి, షఫుల్ మాత్రం ఆపేయండి. మా రూమ్మేట్ సంగతి అంటారా, 2024 నవంబర్‌లో ద క్యూర్ పదహారేళ్ళ తర్వాత కొత్త ఆల్బమ్ తెచ్చిందని ఎక్కడో చూసి మెసేజ్ పెట్టాడు, "ఒరేయ్, పగటివేషగాడు ఇంకా పాడుతున్నాడా?" అని. మొదటి పాట లింక్ పంపాను. మూడు నిమిషాలు దాటాకగానీ గొంతు వినిపించదు అని చెప్పడం మర్చిపోయాను. ఐదు నిమిషాలకి జవాబొచ్చింది, "ఇందులో పాట ఎక్కడుందిరా?"