ముందు తేదీ, తరవాత ఓడ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. 1971 యుద్ధం నాటి విమానవాహక నౌక విక్రాంత్ నమూనా బొమ్మ చేద్దామనుకుంటున్నానని రాశావు. సంతోషం. కానీ ఆ ఫొటోల్లో సగానికి పైగా 1971వి కావురా. డెక్ ముందు కొస పైకి లేచి ఉంది చూడు, దాన్ని స్కీ జంప్ అంటారు. సీ హారియర్ విమానాల కోసం 1980ల చివర్లో పెట్టారు. యుద్ధం నాటికి డెక్ బల్లపరుపుగా ఉండేది. విమానాన్ని ముందుకు విసిరే ఆవిరి కేటపుల్టుతో సీ హాక్, అలిజే విమానాలను ఎగరేసేవారు. ముంబైలో మ్యూజియంగా ఉన్నప్పుడు జనం తీసుకున్న ఫొటోల్లో ఉన్నదంతా మారిన ఓడే. వెళ్ళి కళ్ళారా చూద్దామన్నా ఇప్పుడది లేదు, 2014లో విరగ్గొట్టడం మొదలుపెట్టారు. పైగా 2022లో నౌకాదళంలో చేరిన కొత్త విక్రాంత్ ఫొటో ఒకటి మధ్యలో దూరిపోయింది!

అందుకే, ఓడ పేరు పక్కన ఒక తేదీ కూడా రాసి బల్ల ఎదురుగా గోడకు అంటించుకో. యుద్ధనౌక ఏళ్ళ తరబడి ఒకేలా ఉండదు. రిపేరుకు వెళ్ళిన ప్రతిసారీ ఒక తుపాకీ పోతుంది, ఒక రాడార్ వస్తుంది. మన పాత ఐఎన్ఎస్ ఢిల్లీనే తీసుకో. అది 1939 డిసెంబరులో రివర్ ప్లేట్ యుద్ధంలో జర్మన్ల మీద పోరాడిన అకిలీస్ అనే ఓడ. అప్పుడు దానికి నాలుగు టరెట్లు (తుపాకులు బిగించిన, తిరిగే గూళ్ళు), 8 పెద్ద తుపాకులు. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో ఒక టరెట్ తీసేశారు. 1948లో మన చేతికి వచ్చేసరికి మిగిలినవి 6. అకిలీస్ 1939 విడిభాగాల కిట్ కొని, పక్కన ఢిల్లీ అని బోర్డు పెడితే ఎంత బాగా రంగు వేసినా అది తప్పు బొమ్మే.

విక్రాంత్ కొన్నాళ్ళు ఆగనీ. 213 మీటర్ల ఓడ, 1/350 స్కేలులో, అంటే 350వ వంతుగా చేసినా 61 సెంటీమీటర్లు వస్తుంది. డెక్ మీద విమానాలు వేరే పని. నా మాట విని మొదట ఒక మిసైల్ బోటు చెయ్యి. 1971 డిసెంబరు 4 రాత్రి కరాచీ మీదికి వెళ్ళిన నిపాత్, నిర్ఘాత్, వీర్‌లలో ఒకటి. నాకైతే నిర్ఘాత్ ఇష్టం, ఖైబర్ అనే డిస్ట్రాయర్‌ను ముంచింది అదే. ఇవి సోవియట్ ఓసా రకం బోట్లు. పొడవు 38.6 మీటర్లు, వెడల్పు 7.6 మీటర్లు. 1/100లో చేస్తే మీటరుకు సెంటీమీటరు, లెక్క నోటితో అయిపోతుంది.

ఇక్కడా తేదీ గొడవ ఉంది. ఓసాల్లో మొదటి రకం, రెండో రకం అని రెండున్నాయి. యుద్ధంలో పాల్గొన్నవి మొదటి రకం. వాటిలో మిసైళ్ళు పెట్టే నాలుగు గదులు పెట్టెల్లా ఉంటాయి. రెండో రకంలో మిసైలు రెక్కలు ముడుచుకుంటాయి కాబట్టి గుండ్రటి గొట్టాలు సరిపోయాయి. ఆ రకం మనకు యుద్ధం అయ్యాక వచ్చింది. ఆన్‌లైన్‌లో దొరికే త్రీడీ ప్రింట్ ఫైళ్ళలో ఏ రకమో రాయకుండా ఊరికే ఓసా అని పెట్టేస్తారు. డబ్బు కట్టే ముందు ఆ గొట్టాల వైపు చూడు, చాలు.

డ్రాయింగ్ దొరికాక ప్రింట్ కోసం జిరాక్స్ షాపుకు వెళ్తావు. అక్కడ జాగ్రత్త. వాళ్ళు అలవాటుగా పేజీకి సరిపోయేలా కుదించేస్తారు. యాక్చువల్ సైజులో తియ్యమని చెప్పి, బయటికి రాగానే డ్రాయింగ్ మీది స్కేలు గీతను స్టీలు స్కేలుతో కొలువు. అడ్డంగానూ నిలువుగానూ రెండు వైపులా కొలవాలి. డ్రాయింగ్ ఆఫీసులో ఇన్నేళ్ళు పనిచేసి నేను అందరికంటే తక్కువగా నమ్మేది కాపీ మిషన్‌నే.

హల్, అంటే బోటు దేహం, పలకలు పేర్చి చెయ్యి. 5 మి.మీ. మందం పలక అంటే అసలు బోటులో అర మీటరు. డ్రాయింగ్‌లో ఆ ఎత్తు దగ్గర ఉన్న వాటర్‌లైన్ (అక్కడ బోటును నీటికి సమాంతరంగా కోస్తే వచ్చే గీత) ఆకారానికి ఒక్కో పలక కోసి, మధ్య గీత కలిసేలా రెండు చోట్ల పుల్లలు దిగ్గొట్టి, ఫెవికాల్ పెట్టి బిగించు. ఆరాక మెట్లు చెక్కేస్తే చాలు. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర దొరికితే అంతకన్నా మంచిది లేదు, మెత్తగా తెగుతుంది, ఎమరీ కాగితానికి నున్నగా వస్తుంది. లేదా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలకు వాడే పనస కర్ర. టేకు వద్దు, దాని రంధ్రాలు పూడ్చడానికే లప్పం డబ్బా అయిపోతుంది. బాడీ ప్లాన్ అనే డ్రాయింగ్‌లోని ఒక్కో అడ్డకోతకు అట్టముక్కతో ఒక మూస కోసుకుని, హల్‌కు ఆనించి లైటు ముందు పట్టుకో. వెలుతురు దూరిన చోట ఇంకా పని ఉన్నట్టు. అణియం (బోటు ముందు కొస) దగ్గర వంపు కుడి ఎడమలు ఒకేలా వచ్చేదాకా మిగతా ఏదీ ముట్టుకోవద్దు. నీ ఈడు పిల్లలంతా హల్ రెండు రోజుల్లో అవగొట్టి తుపాకుల మీద నెల కూర్చుంటారు. నా లెక్కలో అది తలకిందుల పద్ధతి. చూసేవాళ్ళకు మూడడుగుల దూరం నుంచి కనపడేది ఆకారమే.

చిన్న పనిముట్లకు ఆన్‌లైన్‌లో వేలు తగలెయ్యకు. బంగారు పని సామాన్లమ్మే కొట్లో సన్న ఆకురాళ్ళు, పట్టకార్లు, చేతి డ్రిల్ అన్నీ దొరుకుతాయి, ఆ ధరకే బాగా మన్నుతాయి. రెయిలింగు కమ్ములకు ఇంటి వైరింగ్‌లో వాడే 1 స్క్వేర్ ఎం.ఎం. వైరు ఒలువు. లోపల ఒక్కో రాగి పోగు సుమారు 0.3 మి.మీ. ఉంటుంది, అంటే నీ స్కేలులో 3 సెంటీమీటర్ల గొట్టం. బల్ల మీద పెట్టి స్టీలు స్కేలుతో దొర్లిస్తే తిన్నగా అవుతుంది. ముందూ వెనకా ఉండే జంట 30 మి.మీ. తుపాకుల గొట్టాలకు సిరంజి సూది, మొన అరగదీసి వాడు. కొసన రంధ్రం దానంతటదే ఉంటుంది. యాంటెన్నా తీగలకు మన పొందూరు నూలు వాడతానన్నావు. అభిమానం సరే గానీ పత్తి దారానికి నూగుంటుంది, రంగు తగలగానే అది లేచి తీగ తాడైపోతుంది. పాత ప్లాస్టిక్ కిట్ ఫ్రేము ముక్కను కొవ్వొత్తి సెగకు చూపి, మెత్తబడగానే రెండు వైపులా లాగు. వెంట్రుకంత తీగ వస్తుంది.

రంగు దగ్గర అందరూ ముదురు వేస్తారు. చిన్న వస్తువు మీద అదే రంగు ఇంకా ముదురుగా కనిపిస్తుంది కాబట్టి బూడిద రంగులో కాస్త తెలుపు కలుపు. నీటి మట్టం దగ్గరుండే వాటర్‌లైన్ పట్టీకి నలుపు బదులు బొగ్గు రంగు. తుప్పు మీద మోజు తగ్గించుకో. ఆ బోట్లు మనకు యుద్ధానికి కొన్ని నెలల ముందే వచ్చాయి, అవి కొత్త బోట్లు. లంగరు గొలుసు దిగే చోట ఒక సన్న చార, అంతే. పాత నలుపు తెలుపు ఫొటోలు చూసి రంగు తేల్చేయకు. కొన్ని రకాల పాత ఫిలింలో ఎరుపు దాదాపు నల్లగా, నీలం తెల్లగా పడుతుంది. ఇక మన వైపు వానాకాలంలో లాకర్ రంగు స్ప్రే కొడితే తడిగాలికి రంగు తెల్లగా మసకపడుతుంది. పొడి రోజు చూసుకో. కిటికీ తెరిచి, మాస్కు పెట్టుకో. థిన్నర్ వాసన తలనొప్పితో ఆగదు.

ఒకసారి విశాఖ ఆర్.కె. బీచ్‌లో కురుసుర చూసి రా. అదీ 1971లో సముద్రంలో ఉన్న సబ్‌మెరైనే. ఉక్కు మీద వెల్డింగ్ గీతలు, గొళ్ళేలు, మూతలు నిజంగా ఎంత లావుంటాయో కంటికి అలవాటవుతుంది. ఫొటో తీసేటప్పుడు పక్కన ఒక అడుగు స్కేలు పట్టించు. సందర్శకుల కోసం పక్కన కోసిన తలుపులు మాత్రం యుద్ధం నాటివి కావు.

మన రెండు జిల్లాల్లో నేవీలో చేసి వచ్చినవారు చాలామంది ఉన్నారు. వాళ్ళ దగ్గర కూర్చో. అయితే రంగు ఎలా ఉండేదని అడక్కు, ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతారు, అందరూ ఒట్టేసి మరీ చెబుతారు. ఎక్కడ పడుకునేవారు, అలలు ఎక్కువైతే ఏం పట్టుకునేవారు, ఏ మూత తియ్యడం కష్టం అని అడుగు. అలాంటివి వాళ్ళ చేతులకు గుర్తుంటాయి. విన్నది ఫొటోతో సరిపోయాకే బొమ్మలో పెట్టు. ఏ ఫొటోలోనూ లేని వస్తువు ఊహించి పెట్టే కన్నా వదిలెయ్యడం మేలు. ఏ భాగం ఏ ఫొటో చూసి చేశావో ఒక నోటుబుక్కులో రాసుకో, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి.

ఇది అయ్యాక పెద్దది చేద్దామంటే ర్యూజో ఉంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసిన విమానాలు ఆ జపాన్ ఓడ నుంచే లేచాయి. జనం మన పల్లెలకు పరుగెత్తి వచ్చారని పెద్దవాళ్ళు చెప్పేవారు. దాన్నీ 1930ల్లో రెండుసార్లు మార్చారు. నీకు రెండో మార్పు తరవాతి రూపం కావాలి. అది తరవాతి సంగతి.

పైడితల్లమ్మ సిరిమానుకు ఎలాగూ వస్తావు కదా, హల్ అప్పటికి అయితే తీసుకురా. ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలి పూత) కూడా వెయ్యొద్దు. వేశాక వంకర దిద్దాలంటే మళ్ళీ కర్రదాకా గీకాలి.

మీ మామయ్య,
విజయనగరం