ఓడల బాడుగ ఎవరు కట్టారు?

చర్చి పిలుపు మీద యూరప్ క్రైస్తవులు సాగించిన మధ్యయుగపు మతయుద్ధాలు, అంటే క్రూసేడ్లు, మతం కోసం జరిగాయా, లేక మతం పేరుతో సాగిన దోపిడీయేనా అని అడిగారు. ప్రశ్నను ఇలా రెండు ముక్కలు చేయడం దగ్గరే నాకు పేచీ ఉంది. డిగ్రీలో మేము చదివిన గైడులోనూ మత కారణాలు ఒకచోట, ఆర్థిక కారణాలు మరోచోట నాలుగేసి పాయింట్లుగా ఉండేవి. అవి బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాను గానీ, ఒకే మనిషిలో ఆ రెండూ ఎలా ఇమిడాయో ఆ పుస్తకం చెప్పలేదు.

అది నాకు బోధపడింది 2018లో, ఇస్తాంబుల్‌లో. ఒకప్పటి చర్చి హాగియా సోఫియా అప్పటికింకా మ్యూజియమే. పై అంతస్తుకు ఎగుడుదిగుడు రాళ్లు పరచిన ఏటవాలు దారి మలుపులు తిరుగుతూ వెళ్తుంది. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు గోడ పట్టుకుని ఎక్కారు. అందరూ క్రీస్తు మొజాయిక్ ముందు ఫొటోలు తీసుకుంటున్నారు. డబ్బు తీసుకున్న గైడు అక్కడే ఉన్న ఒక రాతి పలకను చూపించకుండానే మమ్మల్ని దాటించబోయాడు. దాని మీద లాటిన్ అక్షరాల్లో ‘హెన్రికస్ డాండొలో’ అని ఉంది. అది 19వ శతాబ్దంలో పెట్టిన గుర్తు మాత్రమే. ఈయన వెనిస్ పాలకుడనీ, చూపులేని వృద్ధుడనీ, జెరూసలేం విడిపిస్తామని బయల్దేరిన నాలుగో క్రూసేడు సైన్యం ఈయన వెంట వచ్చి 1204 ఏప్రిల్‌లో అప్పట్లో కాన్‌స్టాంటినోపుల్ అనే ఈ క్రైస్తవ నగరాన్నే కొల్లగొట్టిందనీ నేను ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాను. సహకార సంఘంలో ముప్పై ఏళ్లు పద్దులు రాసిన నాన్నగారు అంతా విని, “అంతమందికి ఓడల బాడుగ ఎవరు కట్టారు?” అని అడిగారు.

కథంతా ఆ బాడుగలోనే ఉంది. 33,500 మందికి ఓడలు, తిండి సమకూర్చేందుకు 85,000 మార్కులకు (మార్కు అంటే అప్పటి వెండి తూకం) 1201లో వెనిస్‌తో ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడు వచ్చినవారు అందులో సుమారు మూడో వంతే. ఉన్నదంతా ఊడ్చి ఇచ్చినా ఇంకా 34,000 మార్కులు బాకీ పడ్డారు. అడ్రియాటిక్ సముద్ర తీరంలోని జారా పట్టణాన్ని పట్టి ఇస్తే బాకీకి గడువిస్తానన్నాడు డాండొలో. జారా క్రైస్తవుల ఊరే, పైగా దాని ప్రభువైన హంగరీ రాజు తానూ క్రూసేడుకు వెళ్తానని మొక్కుకుని శిలువ ధరించినవాడే. పోప్ మూడో ఇన్నోసెంట్ వద్దన్నా 1202 నవంబరులో దాన్ని పట్టుకున్నారు. తర్వాత, కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఏలిన బైజాంటైన్ సామ్రాజ్యంలో పదవి పోయిన చక్రవర్తి కొడుకు, తననూ తండ్రినీ గద్దెనెక్కిస్తే 2,00,000 మార్కులిస్తానని ఆశపెట్టి, అంత ఇవ్వలేకపోయాడు. చివరికి కాన్‌స్టాంటినోపుల్ కొల్లబోయింది. ఆ సైన్యంలో ఎక్కువమంది జెరూసలేం ముఖమే చూడలేదు.

“అయితే డబ్బు కోసమేగా” అంటారు. నేను ఒప్పుకోను. భుజాన గుడ్డ శిలువ కుట్టించుకోవడమంటే మొక్కుకోవడం. మొక్కు తీర్చనివాడిని అప్పటి చర్చి వెలివేయగలిగేది. ముడుపు కట్టి ఏళ్ల తరబడి తిరుపతి ప్రయాణం కుదరక మథనపడే ఇళ్లలో పెరిగినవారికి ఆ బరువు వివరించనక్కర్లేదు. వాళ్లు ఉత్త దొంగలే అయితే, వెనిస్ ఎదుటి దీవిలో చేతిలో చిల్లిగవ్వ లేకుండా కూర్చున్న ఆ వేసవిలోనే ఇళ్లకు తిరిగి వెళ్లేవారు. మొక్కు ఉండబట్టే ఆ అప్పుకు అంత పట్టు చిక్కింది.

తోటి క్రైస్తవుల మీదికి కత్తి ఎత్తనని జారా దగ్గరే సైన్యాన్ని విడిచి, సొంతంగా సిరియాకు వెళ్లినవాడూ ఉన్నాడు: సైమన్ డి మోంట్‌ఫోర్ట్. అతణ్ణి తలచుకుని క్రూసేడర్లలోనూ నిజాయితీపరులున్నారని చాలామంది ఊరట పొందుతారు. 1209 నుంచి దక్షిణ ఫ్రాన్సులో, దారి తప్పిన క్రైస్తవులని చర్చి ముద్ర వేసిన కాథర్ల మీద క్రూసేడు నడిపి, 1218లో తులూజ్ ముట్టడిలో రాయి తగిలి చచ్చేదాకా ఆగనివాడూ ఈ సైమనే.