తోలు పలకలు ఒప్పుకున్నావు కాబట్టి

చిరంజీవి శీనుకు, మామ ఆశీస్సులు.

కర్నూలులో పెద్ద ఇంటి ముందు హాలుకు తోలుబొమ్మల పలకలు ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పింది. మంచిదే. ఉలి పట్టేముందు ఆ ఇంటికి పోయి, సాయంత్రం నాలుగు గంటలప్పుడు హాల్లో నిలబడి చూడు. ఎండ నేరుగా పడే గోడకు పలక వద్దని చెప్పేయి. మేకతోలు ఎండకు ముడుచుకుంటుంది, వానాకాలం చెమ్మకు వదులవుతుంది. రంగూ వెలిసిపోతుంది.

మన రంగులు పలుచన. ఆటలో తెర వెనక దీపం ఉంటుంది కాబట్టే ఎరుపు ఎర్రగా, ఆకుపచ్చ పచ్చగా వెలుగుతాయి. అదే బొమ్మను గోడకు ఆనించి తగిలిస్తే మసకబారిపోతుంది. గాజు ఫ్రేము వేసి గోడకు కొట్టేద్దాం అని ఆర్కిటెక్టు అంటే ఒప్పుకోవద్దు. వెనక పెట్టె కట్టించు. అందులో ఎల్ఈడీ పట్టీలు, వాటి ముందు పాలరంగు అక్రిలిక్ షీటు, ఆపైన తోలు. పట్టీకి, షీటుకు మధ్య మూడు నాలుగు అంగుళాల ఖాళీ ఉండాలి. లేకుంటే లైట్లు చుక్కలు చుక్కలుగా కనబడి, నువ్వు కష్టపడి పొడిచిన చిల్లులు వాటిలో కలిసిపోతాయి. పసుపు ఛాయ లైటే తీసుకో.

నిలువెత్తు బొమ్మ ఒక్క మేకతోలులో రాదు, అతుకు తప్పదు. దాన్ని నడుము పట్టీ కింద దాచు, ముఖం మీదికి రానీకు. అతికేముందు రెండు తోళ్లనూ బల్బు ముందు పట్టి చూడు. మందం తేడా ఉంటే ఒకటి నల్లగా కనిపిస్తుంది.

వాళ్లు పట్టాభిషేకమే అడుగుతారు, అందరూ అదే అడుగుతారు. నన్నడిగితే గుమ్మంలో అంత జనం ఎందుకు? చెట్టు, నెమళ్లు చాలు. మనుషులే కావాలంటే, మన బొమ్మలు ఎక్కువగా పక్కకు చూస్తాయి కదా, ఇంట్లోకి నడుస్తున్నట్టు పెట్టు. బయటికి పోతున్నట్టుంటే ఇంటి పెద్దావిడ ఊరుకోదు.

అంచుల డిజైనుకు లేపాక్షి పో. వీరభద్రస్వామి గుడి కప్పు మీద 16వ శతాబ్దం నాటి చిత్రాల్లో ఆడవాళ్ల చీరలు చూసి, అక్కడే పెన్సిల్‌తో గీసుకో. (2022లో జిల్లా మారింది గానీ నాకింకా అది అనంతపురమే.) వచ్చేటప్పుడు ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో దిగు. పద్మశ్రీ దళవాయి చలపతిరావు గారి ఊరు. అక్కడి తోలు ల్యాంపుషేడ్లు వెలిగించి చూస్తే వెలుతురు సంగతి నేను చెప్పేదానికన్నా బాగా తెలుస్తుంది.

పెట్టె వెనక పలకను మేకులతో కొట్టనీయకు, స్క్రూలతో బిగించమను. పట్టీ మాడిపోయిన రోజు వాళ్లు ఎలక్ట్రీషియన్‌కు కాదు, నీకే ఫోన్ చేస్తారు.

ఇట్లు,
మీ మామ