‘నేను’ అనేది మెదడు కల్పించే భ్రమేనా?

నా మటుకు నేను భ్రమ అనను. మెదడు అనుక్షణం కూర్చుకుంటూ ఉండే అమరిక అంటాను. అందులో ఒక భాగం చెడిపోయి మిగతావి బాగానే ఉండగలవు. మా నాన్నగారి దగ్గర ఉండి చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆయనకి మెదడు కుడివైపు స్ట్రోక్ వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. మాట స్పష్టంగానే ఉంది. అందర్నీ గుర్తుపట్టేవారు, కరెంటు బిల్లు కట్టారా అని అడిగేవారు. కానీ ఆ ఎడమ చేతిని చూపించి "ఇదెవరిది నాన్నా?" అంటే "మీ అమ్మది" అనేవారు. అమ్మ ఎదురుగానే కూర్చుని ఉండేది. "మరి ఈ ఉంగరం?" అంటే "అది నాదేనమ్మా, దాని వేలికి ఎలా వచ్చిందో!" అనేవారు. తడబాటు ఉండేది కాదు.

పక్షవాతం వచ్చిన సంగతే రోగికి తెలియకపోవడానికి 1914లో బబిన్‌స్కీ అనే ఫ్రెంచి న్యూరాలజిస్టు అనోసోగ్నోసియా అని పేరు పెట్టారు. చెయ్యి నాది కాదనడం దానికి దగ్గరి స్థితి. 1991లో ఇటలీ పరిశోధకులు ఇలాంటి ఒక రోగి ఎడమ చెవిలో చల్లటి నీళ్లు పోస్తే, కాసేపు ఆ చెయ్యి తనదేనని ఒప్పుకున్నట్టు రాశారు. ఆ ప్రభావం తగ్గగానే మళ్లీ మొదటికొచ్చింది. ఆరోగ్యవంతుల్లోనూ ‘ఇది నా చెయ్యి’ అన్న ఈ భావాన్ని కదిలించవచ్చు. 1998లో బాట్‌వినిక్, కోహెన్ అనే పరిశోధకులు మనిషి చేతిని కనపడకుండా దాచి, ఎదురుగా రబ్బరు చెయ్యి పెట్టి, రెండింటినీ ఒకేసారి బ్రష్‌తో నిమిరారు. కాసేపటికి రబ్బరు చెయ్యే తమదనిపించిందని చాలామంది చెప్పారు. అంటే ‘ఇది నాది’ అన్నది చూపునీ స్పర్శనీ కలిపి మెదడు వేసుకునే అంచనా.

థామస్ మెట్జింగర్ లాంటి తత్వవేత్తలు ఇక్కడ ఇంకో అడుగు వేసి, ‘నేను’ అనేదే లేదు, ఉన్నది మెదడు గీసుకున్న నమూనా మాత్రమే అంటారు. నమూనా అన్నంతవరకు ఒప్పుకుంటాను. కానీ భ్రమ తొలగితే మేలు జరగాలి కదా! నాన్న ఆ చేతి మీదే పడుకునేవారు, అది నలుగుతున్నా పట్టించుకునేవారు కాదు. పోయింది భ్రమ అయితే ఆయనకి అంత నష్టం ఎందుకు జరుగుతుంది? దేహం నాది కాదని వేదాంతం చెప్పేదానికి ఇదే రుజువు అని ఒకాయన నాతో అన్నారు. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. సాధనతో వచ్చే వైరాగ్యం వేరు, మెదడులో కొంత భాగం చచ్చిపోవడం వేరు.

మీ ప్రశ్నలో ఇంకో ప్రశ్న కూడా కలిసిపోయింది. నాన్నకి ఎరుక ఎక్కడా తగ్గలేదు. కాఫీ చేదు తెలిసేది, దీపం వెలుగు కనిపించేది. చెయ్యి ఒక్కటే ఆయన లెక్కలోంచి జారిపోయింది. ‘ఏది నాది’ అన్నదానికి మెదడు శాస్త్రం చాలావరకు జవాబు చెప్పగలుగుతోంది. అసలు అనుభవం అంటూ ఎందుకుండాలి అన్నది డేవిడ్ ఛామర్స్ అనే తత్వవేత్త 1995లో ‘కఠిన సమస్య’ అన్న విషయం. రబ్బరు చెయ్యి ప్రయోగం దాని జోలికే పోదు. అందుకే ఈ రెండూ విడివిడిగా అడగమంటాను.