పాఠకుల ప్రశ్నలు: సివిక్ బ్లాకులో విటారా పిస్టన్లు

ప్రశ్న: నాది 1994 హోండా సివిక్ డీఎక్స్, ఇంజిన్ డీ15బీ7. తుక్కు యార్డులో డీ16జడ్6 అనే హోండా ఇంజిన్‌ది వీటెక్ హెడ్ (వేగాన్ని బట్టి వాల్వుల తెరుచుకోలు మార్చే పై భాగం) ఒకటి దొరికింది. దాన్ని నా బ్లాకు మీద బిగించి, సుజుకీ విటారా పిస్టన్లు వేసి, పాత మిత్సుబిషీ ఎక్లిప్స్ కారు నుంచి తీసిన 14బీ టర్బో తగిలిస్తే చక్రాల దగ్గర 200 హార్స్‌పవర్ వస్తుందంటున్నారు. తక్కువ ఖర్చులో అవ్వాలి, ఇంజిన్ కూడా నిలబడాలి. సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: సాధ్యమే. మీ జాబితాలో ఒక్కటే మార్చండి, అది బ్లాకు. జడ్6 హెడ్ మీ బ్లాకు మీద కూర్చుంటుంది, మామూలుగా నడుస్తుంది కూడా. కానీ డీ15బీ7 కనెక్టింగ్ రాడ్లు సన్నం. అర బార్ బూస్టు (టర్బో అదనంగా నెట్టే గాలి ఒత్తిడి) దాటి ఎక్కువకాలం తోలితే వంగుతాయి. హెడ్ దొరికిన యార్డులోనే డీ16జడ్6 కింది భాగం కూడా అడగండి. రెండింటి బోరూ (సిలిండర్ వెడల్పు) 75 మిల్లీమీటర్లే. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) మాత్రం 84.5 నుంచి 90కి పెరుగుతుంది, అంటే 1,493 సీసీ కాస్తా 1,590 అవుతుంది. టైమింగ్ బెల్టు కూడా జడ్6దే తీసుకోండి, బ్లాకు ఎత్తు మారుతుంది కాబట్టి మీ పాత బెల్టు పనికిరాదు. 200 అంటే జడ్6 రాడ్లకూ దాదాపు హద్దే. ఇంజిన్ ఎలాగూ విప్పుతున్నారు కనుక, డబ్బు మిగిలితే ముందుగా పెట్టాల్సింది ఫోర్జ్డ్ రాడ్ల మీదే.

విటారా పిస్టన్ ఎందుకంటే, 1.6 లీటర్ల ఆ ఇంజిన్ బోరు కూడా 75. పిస్టన్‌ను రాడ్‌కు కలిపే పిన్ను కూడా హోండాలాగే 19 మిల్లీమీటర్లు. పిస్టన్ తల గుంటగా ఉంటుంది కాబట్టి కంప్రెషన్ (మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ నిష్పత్తి) తగ్గుతుంది, టర్బోకు కావాల్సింది అదే. జడ్6లో కంపెనీ ఇచ్చింది 9.2. ఈ పిస్టన్లతో 8.5 దరిదాపుల్లోకి వస్తుంది. ఎవరో చెప్పిన ఆ అంకెను నమ్మి మాత్రం ఇంజిన్ మూసేయకండి. హెడ్‌ను ఎన్నిసార్లు ప్లేనింగ్ (చదును కోసం చెక్కడం) చేశారో, గాస్కెట్ ఎంత మందమో మీ ఇంజిన్‌కే తెలుసు. కొలవండి.

కొలిచే పద్ధతి ఇదీ. హెడ్‌ను తిరగేసి, స్పార్క్ ప్లగ్గు, వాల్వులు బిగించి ఉంచండి. కంబషన్ ఛాంబర్ అంచున గ్రీజు రాసి, చిన్న రంధ్రం ఉన్న అక్రిలిక్ పలక అతికించండి. బ్యూరెట్‌తో పల్చటి నూనె పొయ్యండి. గాలి బుడగ మిగలకుండా నిండాక ఎంత పట్టిందో రాసుకోండి. తర్వాత బ్లాకు. పిస్టన్‌ను పై చివరకు తెచ్చి, డయల్ గేజ్ పెట్టి సరిగ్గా 10 మిల్లీమీటర్లు కిందికి దించండి. రింగుల అంచు గ్రీజుతో మూసి, అలాగే పలక పెట్టి నూనె పొయ్యండి. పట్టినదాంట్లోంచి 44.2 సీసీ తీసేస్తే మిగిలేది పిస్టన్ గుంట, పైన ఉన్న సందు కలిపిన కొలత. దానికి హెడ్ కొలత, నొక్కుకున్న గాస్కెట్ కొలత కలపండి. ఒక సిలిండర్ 397.6 సీసీ. దాన్ని ఈ మొత్తంతో భాగించి 1 కలిపితే అదే మీ కంప్రెషన్. మొత్తం 53 వస్తే 8.5. 48.5 వస్తే మళ్లీ 9.2 దగ్గరే ఉన్నారన్నమాట. నాలుగున్నర సీసీలోనే ఉంది తేడా అంతా. నాలుగు సిలిండర్లూ కొలవండి, ఒక్కటి కొలిచి వదిలెయ్యకండి.

బోరును పిస్టన్ చేతికొచ్చాకే, ఆ పిస్టన్ కొలతకే హోనింగ్ (లోపలి గోడ అరగదీయడం) చేయించండి. పాత రాడ్లయితే పిన్ను బిగుతుగా ఎక్కుతుంది, స్మాల్ ఎండ్ (పిన్ను ఎక్కే రాడ్ చివర) వేడిచేసి దించాలి. సుత్తితో కొడితే పిస్టన్ పగులుతుంది. కొత్త రాడ్లయితే స్మాల్ ఎండ్‌కూ పిస్టన్ లోపలి బాసులకూ (పిన్ను ఆనే దిమ్మెలు) మధ్య పక్క సందు ఉందో లేదో చూడండి. పై రింగు చివరల మధ్య 0.38 నుంచి 0.45 మిల్లీమీటర్లు, రెండో దానికి ఇంకొంచెం ఎక్కువ ఉండాలి. రింగును సిలిండర్లోకి చదరంగా దింపి ఫీలర్ గేజ్‌తో చూడాలి. సందు చాలకపోతే బూస్టు వేడికి చివరలు ఒకదాన్నొకటి తన్నుకుని పిస్టన్ అంచును విరిచేస్తాయి. మూసేముందు పిస్టన్ మీద మెత్తటి మట్టి అద్ది, హెడ్‌ను తాత్కాలికంగా బిగించి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పండి. విప్పి చూస్తే ఆ మట్టి మందం ఇన్‌టేక్ వాల్వు దగ్గర 2, ఎగ్జాస్ట్ దగ్గర 2.5 మిల్లీమీటర్లు మిగలాలి.

ఇక పెట్రోలు. చక్రాల దగ్గర 200 అంటే క్రాంకు దగ్గర దాదాపు 230. దానికి ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి 425 సీసీ పైనే పొయ్యగలగాలి. ఎక్లిప్స్ టర్బో మాన్యువల్ కారు ఇంజెక్టర్లు 450, సరిపోతాయి. వాటి రెసిస్టెన్స్ 2, 3 ఓములే కాబట్టి మధ్యలో రెసిస్టర్ పెట్టె ఉండాలి. అది లేకుండా నేరుగా కలిపితే ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఇంజెక్టర్లను నడిపే డ్రైవర్ భాగం కాలిపోతుంది. ఈసీయూగా హోండా వీటెక్ ఇంజిన్లదైన పీ28 తీసుకుని చిప్ వేయించండి. వీటెక్ సొలెనాయిడ్ వైరు ఈసీయూ ఏ4 పిన్నుకి, ప్రెషర్ స్విచ్ వైరు డీ6 పిన్నుకి వస్తాయి. బూస్టులో గాలి–పెట్రోలు నిష్పత్తి 11.5 చుట్టూ ఉండాలి. ఆ నిష్పత్తిని చూపే వైడ్‌బ్యాండ్ సెన్సర్ లేకుండా ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కొద్దు. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి (వేడిని త్వరగా వదిలేవి) వేసి, గ్యాపు 0.7 మిల్లీమీటర్లకు తగ్గించండి. ఈ రకం ఇంజిన్లలో రింగుల దగ్గర పిస్టన్ విరిగిన కేసుల్లో ఎక్కువ భాగం పిస్టన్ తప్పు కాదు, నాకింగ్ (మిశ్రమం తనంతట తాను పేలిపోవడం) తప్పు.

ప్రశ్న: పిస్టన్లు మార్చకుండా మందపాటి హెడ్ గాస్కెట్ వేస్తే కంప్రెషన్ తగ్గదా?
– న్యూజెర్సీ పాఠకుడు

జవాబు: తగ్గుతుంది. 75 బోరులో ఒక మిల్లీమీటరు మందం పెరిగితే 4.4 సీసీ కలుస్తుంది, లెక్కకు అదే 8.5 వస్తుంది. కానీ పిస్టన్ అంచుకూ హెడ్‌కూ మధ్య ఉన్న ఇరుకు సందు పోతుంది. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు ఆ ఇరుకులోంచే మిశ్రమం మధ్యలోకి చిమ్ముకొచ్చి త్వరగా అంటుకుంటుంది. ఆ ఇరుకు పోతే మంట నెమ్మదిస్తుంది, మూలన మిగిలిన మిశ్రమానికి తనంతట తాను పేలిపోయే వ్యవధి దొరుకుతుంది. కంప్రెషన్ తగ్గించీ నాకింగ్ కొనితెచ్చుకున్నట్టే.

ప్రశ్న: నా దగ్గర 2001 హోండా సిటీ వీటెక్ ఉంది. మారుతీ బాలెనో పిస్టన్లు వేసి టర్బో పెట్టించుకోవచ్చా?
– విజయవాడ పాఠకుడు

జవాబు: ఆలోచనలో తప్పేం లేదు. మీది డీ కుటుంబంలోని 1,493 సీసీ ఇంజిన్, బోరు 75. అప్పటి బాలెనో 1.6దీ అదే బోరు, అది విటారా ఇంజిన్‌కు తోబుట్టువు. అయినా బాలెనో పిస్టన్ తల, ఎత్తు విటారా పిస్టన్‌లాగే ఉంటాయని అనుకోవద్దు. ఒక్క పిస్టన్ తెప్పించి, మీ రాడ్‌కు బిగించి, పైన చెప్పిన బ్యూరెట్ కొలత తీశాకే మిగతా మూడు కొనండి. ఆటోనగర్‌లో బోరింగ్, హోనింగ్ పనికి ఇబ్బంది లేదు. ఈసీయూ ట్యూనింగ్ తెలిసినవాళ్లను మాత్రం ముందే మాట్లాడుకుని దిగండి. ఆర్సీ సంగతీ చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత సెక్షన్ 182ఏ కింద యజమానికి ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ట్రాక్‌కే వాడే బండి అయితేనే మొదలుపెట్టండి.

ప్రశ్న: టర్బో పెట్టిన రోజు నుంచే నీలం పొగ. సీలు పోయిందంటున్నారు, నిజమేనా?
– టెక్సస్ పాఠకుడు

జవాబు: టర్బో విప్పేముందు కింద నుంచి ఆయిల్ తిరిగొచ్చే గొట్టం చూడండి. టర్బోలో రబ్బరు సీలు ఉండదు, పిస్టన్ రింగులాంటి ఉక్కు రింగే ఉంటుంది. నూనె కిందికి జారిపోతేనే అది ఆపగలదు. గొట్టం లోపలి వెడల్పు 12 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఎక్కడా పైకి లేవకుండా వాలుగా దిగి, సంపులో (ఇంజిన్ అడుగున ఉండే నూనె తొట్టి) నూనె మట్టానికి పైన కలవాలి. మట్టం కింద వెల్డింగ్ చేసి ఉంటే కొత్త టర్బో పెట్టినా అదే పొగ వస్తుంది.